వేగు నివేదికా, సాహిత్యమూ: ఎడారి రాతల నుంచి ఒక పాఠం

1

కిందటేడు ఒక సాహిత్య గోష్ఠిలో యాత్రారచనల మీద చర్చ జరిగింది. ఒక యువమిత్రుడు టి.ఇ. లారెన్సు రాసిన ‘సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్’ గురించి మాట్లాడుతూ, ఎడారినీ ఎడారి మనుషులనూ అంత ప్రేమగా, అంత నిశితంగా చూపించిన పుస్తకం మరొకటి లేదన్నాడు. వెంటనే ఒక పెద్దాయన లేచి, “లారెన్సు బ్రిటిషువాళ్ళ వేగులవాడు. వేగులవాడి పుస్తకంతో మనకేం పని?” అన్నారు. “వేగులవాడైతే మాత్రం మంచి రచన చెడ్డదైపోతుందా?” అని మిత్రుడు ఎదురు ప్రశ్న వేశాడు. భోజనాల వేళ కావడంతో అధ్యక్షులు చర్చ ముగించారు.

నా మనసులో మాత్రం అది ముగియలేదు. ఇద్దరి వాదనా నాకు అసంపూర్ణంగానే తోచింది. పెద్దాయన రచయిత ఉద్యోగాన్ని బట్టి రచనకు తీర్పు చెప్పారు. మిత్రుడు ఆ ఉద్యోగాన్ని రచన నుంచి పూర్తిగా విడదీశాడు. ఆ ఉద్యోగం రచన లోపలికి ఎలా వస్తుంది, వాక్యాల్లో ఎక్కడ కూర్చుంటుంది అన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోలేదు. విమర్శకుడి పని అక్కడే మొదలవుతుందని నేననుకుంటాను. పైగా ఇది మనకు సంబంధం లేని ఎడారి గొడవ కాదు. తమది కాని జీవితం గురించి రాసే ప్రతి రచయితకూ, అంటే మనలో చాలామందికి, ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందుకని ఆ పుస్తకం వెనకనున్న రాతల సంగతి కొంత తెలుసుకునే ప్రయత్నం చేశాను. తెలుసుకున్నదీ, దానిమీద నాకు తోచిందీ ఇక్కడ చెబుతాను.

2

మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ జర్మనీ పక్షాన చేరింది. అప్పటికి అరబ్బు దేశాల్లో ఎక్కువ భాగం తుర్కీ ఏలుబడిలో ఉండేది. ఆ ప్రజలను తుర్కీ మీదికి తిప్పాలంటే ముందు వాళ్ళెవరో తెలియాలి. 1916 తొలినాళ్ళలో కైరోలో ‘అరబ్ బ్యూరో’ అనే కార్యాలయం పుట్టింది ఇందుకోసమే. సైనిక వేగు శాఖను నడిపిన గిల్బర్ట్ క్లేటన్ పర్యవేక్షణలో, డి.జి. హోగార్త్ దీని పని చూశాడు. ఈ హోగార్త్ సైనికుడు కాడు. పురాతత్వ పండితుడు, ఆక్స్‌ఫర్డులో ఒక ప్రసిద్ధ మ్యూజియం అధిపతి. లారెన్సు ఆయన శిష్యుడు. 1914 మొదట్లో, యుద్ధానికి ముందే, లారెన్సూ మరో పండితుడూ బైబిలు కాలపు శిథిలాలు వెతికే పేరిట సినాయ్ ప్రాంతంలో తిరిగారు. పక్కనే సైనిక సర్వే బృందం పటాలు గీసింది. ఆ తవ్వకాలు ఈ పటాలకు తెర. శాస్త్రమూ సైన్యమూ ఒకే గుడారంలో పడుకున్నాయన్నమాట.

బ్యూరో 1916 జూన్ నుంచి ‘అరబ్ బులెటిన్’ అనే రహస్య పత్రిక వెలువరించింది. మొదటి సంచికను కూర్చింది లారెన్సే. 1919 దాకా నూటికి పైగా సంచికలు వచ్చాయి. ప్రతి సంచికా కొద్ది ప్రతులే అచ్చయ్యేది. చదివేవాళ్ళు సేనాధిపతులు, రాయబారులు, మంత్రిత్వ శాఖల పెద్దలు. ఏ తెగ ఎక్కడ దిగింది, ఎన్ని గుడారాలు, ఎన్ని తుపాకులు, ఏ బావిలో ఎన్నాళ్ళు నీళ్ళుంటాయి, ఏ షేకుకు ఏ షేకుతో పాతకక్ష, ఎవరికి డబ్బు మీద ఆశ, ఎవరికి కీర్తి మీద ఆశ, ఏ మసీదులో ఏ మాట వినబడింది – ఇవన్నీ అందులో ఉండేవి. ఈ రాతలు గుమాస్తా రాతలు కావు. చదువుకున్న వాళ్ళు, చేయి తిరిగిన వాళ్ళు రాసినవి. వ్యక్తి చిత్రణలో, స్థల వర్ణనలో మంచి కథకుడికుండే నేర్పు వాటిలో ఉంది.

ఇక్కడొక సాహిత్య చరిత్రాంశం గమనించాలి. లారెన్సు ఈ బులెటిన్‌కు పంపిన నివేదికలు 1939లో ‘సీక్రెట్ డిస్పాచెస్ ఫ్రమ్ అరేబియా’ పేరుతోనూ, గెర్‌ట్రూడ్ బెల్ నివేదికలు 1940లో ‘ది అరబ్ వార్’ పేరుతోనూ పుస్తకాలయ్యాయి. రెండింటినీ అందమైన ముద్రణకు పేరుపడ్డ ఒకే ప్రచురణ సంస్థ అచ్చువేసింది. ఇరవై ఏళ్ళ కింద సేనాధిపతి బల్లమీద రహస్యంగా పడిన కాగితం రసికుల అలమరలోకి చేరింది. కాగితంలో ఒక్క అక్షరం మారకుండానే అది సాహిత్యమైపోయింది. అంటే నివేదికకూ సాహిత్యానికీ భాషలో పెద్ద అడ్డుగోడ లేదు. మరి తేడా ఎక్కడుంది?

‘ప్రేమలో ఉంది’ అంటారు కొందరు. వేగులవాడికి ద్వేషం, రచయితకు ప్రేమ అని. ఇది పొరపాటు. లారెన్సు 1917 ఆగస్టు 20 బులెటిన్‌లో ఇరవై ఏడు సూత్రాలు ప్రచురించాడు. హిజాజ్ అరబ్బుల మధ్య పనిచేసే ఆఫీసర్లకు అది పాఠ్యగ్రంథం. వాళ్ళ బట్టలు కట్టుకునేట్లయితే వాళ్ళలాగే పూర్తిగా కట్టుకో, వాళ్ళ మాటతీరు నేర్చుకో, నాయకుడికి నలుగురిలో సలహా చెప్పకు, నీ ఆలోచన ఆయన ఆలోచనగా బయటికి వచ్చేట్టు చూడు – స్థూలంగా ఆ బోధ ఇది. ఇందులో ద్వేషం లేదు. ఓర్పు ఉంది, గౌరవం ఉంది, ఒక తరహా ప్రేమ కూడా ఉంది. కానీ ఆ ప్రేమకొక పని అప్పగించారు. తెలుగు చదువుకున్నవాళ్ళకు ఇది బొత్తిగా కొత్త విషయం కాదు. రాజుకు చారులే కళ్ళు అన్నది పాతమాట. ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో మన్నెపు జనాన్ని ఎట్లా మచ్చిక చేసుకోవాలో చెప్పే పద్యాలున్నాయి. అడవైనా ఎడారైనా, రాజ్యం చేయి పూర్తిగా చాపలేని చోటికి ముందుగా పంపేది ప్రేమనే.

3

ఈ ప్రేమ ఎటు నడిచిందో చూద్దాం. 1916 జూన్‌లో మక్కాలో షరీఫ్ హుసేన్ తుర్కీ మీద తిరుగుబాటు ప్రకటించాడు. ఆ తిరుగుబాటుకు అరబ్బుల సొంత కారణాలున్నాయి. ఆ ఏడు మే 6న తుర్కీ గవర్నరు జమాల్ పాషా డమాస్కస్, బేరూత్ నగరాల్లో అరబ్బు జాతీయవాదులను ఉరితీయించాడు. వాళ్ళు స్వేచ్ఛ కోరుకున్నారు. బ్రిటన్ స్వేచ్ఛ ఇస్తానని మాట ఇచ్చింది, బంగారమూ తుపాకులూ పంపింది. సరిగ్గా అదే నెలలో, 1916 మేలో, బ్రిటనూ ఫ్రాన్సూ ఆ భూములనే పంచుకుంటూ సైక్స్–పికో ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాన్ని లోకానికి వెల్లడించింది రష్యా విప్లవ ప్రభుత్వం, 1917 నవంబరులో. జారు ప్రభుత్వ రహస్య పత్రాల్లోంచి తీసి పత్రికల్లో అచ్చువేసింది.

లారెన్సుకు ఈ మోసం ముందే తెలుసు. తన దేశం ఇచ్చిన మాట నిలవదని తెలిసే అరబ్బులను యుద్ధంలోకి నడిపించానని ఆయనే రాసుకున్నాడు. అయితే ఈ ఒప్పుకోలున్న తొలి అధ్యాయాన్ని బెర్నార్డ్ షా సలహా మీద 1926 ప్రతిలోంచి తొలగించాడు. లారెన్సు 1935లో చనిపోయాక పుస్తకం అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడూ అది లేదు. 1939లో వేరే సంపుటంలో అచ్చయింది. శిల్పం కోసం తీసేశారంటే కావచ్చు. తీసేసినది ఏ పేజీలన్నది కూడా మనం చూడాలి కదా.

ఈ వల మన దేశందాకా పరుచుకుంది. 1916 ఆగస్టులో పంజాబులో పట్టు గుడ్డ మీద రాసిన ఉత్తరాలు పోలీసుల చేతికి చిక్కాయి. కాబూలులో ఉన్న ఉబైదుల్లా సింధీ, హిజాజ్‌లో ఉన్న దేవబంద్ గురువు మౌలానా మహమూద్ హసన్‌కు చేర్చాలని పంపినవి. బ్రిటిషు పాలన కూలదోసే ప్రయత్నానికి సంబంధించినవి. స్వేచ్ఛ కోసం తిరుగుబాటు జెండా ఎత్తిన షరీఫ్ హుసేన్ మనుషులే మౌలానాను పట్టి బ్రిటిషువారికి అప్పగించారు. 1920 దాకా ఆయన మాల్టా దీవిలో నిర్బంధంలో ఉన్నాడు. పట్టు ఉత్తరాల ఉదంతం 1918 రౌలట్ కమిటీ నివేదికలోకెక్కింది. ఆ నివేదికే మర్నాడు రౌలట్ చట్టమైంది. చట్టానికి నిరసనగా జలియన్‌వాలాబాగులో చేరిన జనం మీద తూటాలు పేలాయి. హిజాజ్‌లో విన్న గుసగుసకూ అమృతసరులో కారిన నెత్తురుకూ మధ్య నడిచిన కాగితం ఒక్కటే.

4

నా వాదనకు ఆయువుపట్టు ఇరాకు. దాన్ని అప్పుడు మెసొపొటేమియా అనేవారు. 1914 నవంబరులో అక్కడ దిగిన సేనలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలు. నడిచిన నాణెం మన రూపాయి. కొత్త పాలనలోకి వచ్చిన అధికారుల్లో చాలామంది భారత ప్రభుత్వం నుంచి వెళ్ళినవాళ్ళు. బలూచిస్తాన్‌లో పనిచేసి వెళ్ళిన హెన్రీ డాబ్స్ 1916లో అక్కడి తెగలకు వేరే తగవుల చట్టం రాశాడు. సరిహద్దు జాతులకు ఇక్కడ అమలు చేసినదే దానికి మాతృక. దాంతో తెగ పెద్ద ప్రభుత్వ మనిషయ్యాడు. తగవు తీర్చే అధికారం, పన్ను వసూలు, భూమి మీద పట్టు అతని చేతికి వచ్చాయి. తెగలో సాటివాడు అతనికి కౌలుదారుడయ్యాడు. ఆ చట్టం 1958 విప్లవం వచ్చేదాకా నిలిచింది. ‘తెగ అనాదిగా ఇంతే’ అని నివేదిక రాసింది. నిజానికి తెగను అలా తయారుచేసింది ఆ నివేదికే. ఉన్నది ఉన్నట్టు రాశామనే వాస్తవికత మీద మనకుండాల్సిన అనుమానం ఇదే.

ఈ తెగల వివరాలు సేకరించిన వాళ్ళలో మిన్న గెర్‌ట్రూడ్ బెల్. సంపన్న కుటుంబంలో పుట్టింది. అరబ్బీ, ఫారసీ బాగా వచ్చు. 1913–14లో నడి అరేబియాలోని హాయిల్ దాకా ఒంటె మీద వెళ్ళింది. 1915 నవంబరులో కైరో వేగు శాఖలో చేరి, మరుసటేడు బస్రాకు మారింది. తర్వాత బాగ్దాదులో పాలనాయంత్రాంగానికి కన్నూ చెవీ అయింది. ఆమెకు తెలియని షేకు లేడంటారు. ఆమె 1907లోనే రాసిన ‘ది డెసర్ట్ అండ్ ది సోన్’ చదివితే, ఏ గుడారంలో ఏ మాట ఎవరన్నారో ఆమెకెంత గుర్తో తెలుస్తుంది.

ఇంతమంది పండితులు, ఇన్ని పట్టికలు. మనవాళ్ళ మాటలో చెప్పాలంటే ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే యంత్రాంగం. అయినా 1920లో ఏం జరిగింది?

1917 మార్చిలో బాగ్దాదు పట్టుకున్నప్పుడు తాము జయించడానికి రాలేదు, విడిపించడానికి వచ్చామని బ్రిటిషు సేనాధిపతి ప్రకటించాడు. 1920 ఏప్రిల్‌లో సాన్ రెమోలో ఇరాకును బ్రిటన్ అజమాయిషీలో పెట్టారు. మే నెలలో, రంజాన్ రోజుల్లో, బాగ్దాదు మసీదుల్లో సున్నీలూ షియాలూ కలిసి సభలు జరిపారు. ముహమ్మద్ మహ్దీ అల్ బసీర్ అనే అంధకవి ఆ సభల్లో నిలబడి పద్యాలు చదివాడు. జూన్ 30న రుమైథాలో షాలాన్ అబూ అల్ జౌన్ అనే షేకును ప్రభుత్వం అరెస్టు చేసింది. వ్యవసాయ రుణం తీర్చలేదన్నది కారణం. మా జిల్లాలో ఏ రైతుకైనా ఇట్టే అర్థమయ్యే కారణం. ఆయన మనుషులు వచ్చి విడిపించుకుపోయారు. అక్కడినుంచి యూఫ్రటీస్ నడిమి ప్రాంతమంతా రాజుకుంది. అణచడానికి మళ్ళీ మన దేశం నుంచే పటాలాలు వెళ్ళాయి. ఇరాకీలు వేలల్లో చనిపోయారు. బ్రిటిషు ఖజానాకు సుమారు 4 కోట్ల పౌన్లు ఖర్చయింది.

తిరుగుబాటు ఎందుకొచ్చిందో నివేదికలు ఏమన్నాయో చూడండి. లండన్‌లో భారత వ్యవహారాల శాఖకు పనిచేసిన వేగు అధికారి మేజర్ బ్రే ఆ ఏడే కారణాలు పరిశోధించి నివేదిక సమర్పించాడు. బెర్లిన్, మాస్కో, తుర్కీ కుట్రదారుల చేయి ఉందని తేల్చాడు. బాగ్దాదులో పాలన నడిపిన ఎ.టి. విల్సన్‌కు కూడా బయటివాళ్ళ ప్రేరేపణే పెద్ద కారణంగా కనిపించింది. తుర్కులకంటే గట్టిగా పన్ను పిండారు. ఇచ్చిన మాట తప్పారు. పరాయి అధికారి చిన్నచూపు చూశాడు. ఈ మాటలు జనం మసీదులో చెప్పారు, సంతలో చెప్పారు, అర్జీల్లో రాసిచ్చారు. పేగులు లెక్కపెట్టినవాళ్ళకు నోరు తెరిచి చెప్పిన మాట వినబడలేదు.

ఇది తెలివితక్కువతనం కాదు. ఆ రూపానికే ఉన్న పరిమితి. వేగు నివేదిక పాలకుడికి రాసేది. పాలకుడే తప్పు అని అందులో రాసేందుకు గడి ఉండదు. అందువల్ల అలజడికి ఎప్పుడూ ఒక బయటి చేయి కావాలి. జనం తమంతట తాము ఆలోచించి లేచారని ఒప్పుకుంటే నివేదిక రాసేవాడి ఉద్యోగానికే అర్థం లేకుండా పోతుంది. వలస ప్రభుత్వపు కాగితాల్లో రైతు తిరుగుబాట్లను ఎలా రాశారో విశ్లేషిస్తూ రణజిత్ గుహా 1983లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. ఆ కాగితాల్లో తిరుగుబాటు ఏదో ప్రకృతి వైపరీత్యంలాగా, అంటురోగంలాగా కనిపిస్తుందేగాని రైతు బుద్ధిపూర్వకంగా చేసిన పనిగా కనిపించదని ఆయన చూపించాడు. ఇరాకు కాగితాలకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

నివేదిక లెక్కలోకి రానిది ఇంకొకటుంది. యూఫ్రటీస్ తెగలవాళ్ళు యుద్ధానికి ముందు గుంపుగా గెంతుతూ పాడే పాటల్ని హోసా అంటారు. చివర తారు ముద్ద తొడిగిన చేతికర్ర వాళ్ళ ఆయుధం. ఆ కర్రను ఫిరంగితో పోల్చి సవాలు చేసే 1920 నాటి హోసా ఇరాకీల జ్ఞాపకంలో నిలిచిపోయింది. తుపాకుల లెక్క రాసుకున్నవాళ్ళు ఈ పాట లెక్క రాసుకుని ఉంటే సగం సంగతి తెలిసేది.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1920 ఆగస్టులో లారెన్సు ఒక లండన్ పత్రికకు లేఖ రాసి ఇరాకులో జరుగుతున్నది దేశానికి సిగ్గుచేటని దుయ్యబట్టాడు. ఆ నిజాయితీని కాదనను. 1921 మార్చిలో కైరోలో చర్చిల్ జరిపిన సమావేశంలో అదే లారెన్సు, అదే బెల్ సలహాదారులుగా కూర్చున్నారు. ఖర్చు తగ్గించే ఉపాయం దొరికింది. ఫైసల్‌ను రాజును చేయడం, కాపలా విమానాలకు అప్పగించడం. 1922 అక్టోబరు నుంచి ఇరాకు సైనిక బాధ్యత వైమానిక దళానికి వెళ్ళింది. పైనుంచి చూస్తే అన్ని గుడారాలూ ఒకటే. ఏ గుడారం ఎవరిదో చెప్పడానికి తెగల మధ్య తిరిగే ప్రత్యేక ఆఫీసర్లను నియమించారు. పన్ను కట్టని ఊరి మీద బాంబు పడేది. తెగ పేరు, బావి పేరు, మంద మేసే దిక్కు – వీటన్నిటినీ ప్రేమగా, ఓపికగా సేకరించిన పట్టిక బాంబుకు చిరునామా అయింది.

5

ఇప్పుడు ‘సెవెన్ పిల్లర్స్’ దగ్గరకు మళ్ళీ వద్దాం. మిత్రుడు చెప్పినట్టు అది గొప్ప వచనమే. హువైతాత్ తెగ యోధుడు అవుదా అబూ తాయీని అతను చిత్రించిన తీరు మరిచిపోలేం. 1917 జూలైలో అకబా రేవు పట్టుకోవడానికి ఎడారి చుట్టి వెళ్ళిన ప్రయాణంలో ఎండ, దాహం, ఒంటెల నడక మన ఒంటికి తగులుతాయి. కాని ఒక పరీక్ష పెట్టి చూడండి. ఈ పుస్తకంలో ఆలోచించేది ఎవరు? అవుదా గర్జిస్తాడు, పాడతాడు, కోపగించుకుంటాడు, పౌరుషపడతాడు. ఆలోచించేదీ, సందేహించేదీ, బాధపడేదీ మాత్రం లారెన్సు. అరబ్బుకు ఉద్వేగం, ఆంగ్లేయుడికి అంతరంగం. మోసపోయిన అరబ్బు బాధకంటే మోసగించిన ఆంగ్లేయుడి పశ్చాత్తాపానికి పుస్తకంలో ఎక్కువ చోటు దొరికింది. 1962లో వచ్చిన సినిమా ఈ లక్షణాన్ని ఇంకా పెంచింది.

పెద్దాయనకూ మిత్రుడికీ నా సమాధానం ఇదే. లారెన్సు గూఢచారి కాబట్టి పుస్తకం చెడ్డదని నేననను. గూఢచారి చూపు పుస్తకంలో ఉండిపోయింది, ఆ చూపు ఎక్కడ పనిచేసిందో చూడకుండా శిల్పాన్ని మెచ్చుకుంటే మనం సగమే చదివినట్టు అంటాను. ఎవరి గురించి రాశాడో వాళ్ళకు తమ పనికి తామే కర్తలయ్యే హక్కు ఇచ్చాడా? రాసింది ఎవరికి అప్పగించాడు? ఈ రెండు ప్రశ్నలూ ఉద్యోగం గురించినవి కావు, కథనశిల్పం గురించినవే.

ఎదురు ఉదాహరణగా అబ్దుల్ రహమాన్ మునీఫ్ నవల ‘సిటీస్ ఆఫ్ సాల్ట్’ చెబుతాను. 1984లో అరబ్బీలో మొదటి భాగం వచ్చింది, 1987లో ఇంగ్లీషులోకి. మునీఫ్ చమురు ఆర్థికశాస్త్రం చదివినవాడు. రాజకీయాల వల్ల సౌదీ పౌరసత్వం పోగొట్టుకుని పరాయి దేశాల్లో బతికాడు. ఈ కథ వేరే కాలానిది, ఇందులో వచ్చేది అమెరికన్లు. అయినా మనకు కావలసిన దృశ్యం ఇందులో ఉంది. వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సుకు కొందరు అమెరికన్లు వస్తారు. నీళ్ళకోసం వచ్చామంటారు. కాని తెగల గురించి, తగవుల గురించి, మతం గురించి ఆపకుండా అడుగుతారు, రాసుకుంటారు. మితిబ్ అల్ హథాల్ అనే పెద్దకు మొదట్నుంచీ అనుమానం. నీళ్ళకోసం వచ్చినవాళ్ళకు ఇన్ని సంగతులెందుకు? చివరికి యంత్రాలొచ్చి ఆ తోటలను పెళ్ళగిస్తాయి. అతను ఒంటె ఎక్కి ఎడారిలో కనుమరుగవుతాడు, జనం మాటల్లో మాత్రం మిగులుతాడు.

ఇక్కడ కన్ను తిరగబడింది. రాసుకునేవాణ్ణి రాయబడేవాడు చూస్తున్నాడు. వాళ్ళ ప్రశ్నలు వింతగా ఉన్నాయి, వాళ్ళ అలవాట్లు వింతగా ఉన్నాయి. లారెన్సు పుస్తకంలో దొరకని అంతరంగం ఈ ఎడారి మనిషికి దొరికింది. వచనం మెరుపులో మునీఫ్ లారెన్సుకు సాటి రాకపోవచ్చు. నవల అక్కడక్కడా సాగుతుంది కూడా. అయినా దృక్పథం మారితే వస్తువే మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

6

నివేదికలన్నీ ఒక్కటేనా అని అడగవచ్చు. కావు. మన దగ్గరి మనిషినే తీసుకుందాం. ఆస్ట్రియా దేశస్థుడు హైమండార్ఫ్ 1939లో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశ పౌరుడు. హైదరాబాదు సంస్థానంలో ఉండనిచ్చారు. చెంచులను, కొండరెడ్లను, గోండులను పరిశీలించాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగిన ప్రాంతం గోండులది. వాళ్ళ అలజడి వెనక ఏదో కుట్ర ఉందని ఆయన రాయలేదు. పోయిన భూములు ఉన్నాయని రాశాడు. కొందరికి పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆయన్ని వేగులవాళ్ళ జాబితాలో చేర్చడం అన్యాయం. అయితే ఆ నివేదిక చదివే ఓపిక నైజాం ప్రభుత్వానికి ఎలా వచ్చింది? భీము పోరాటం తర్వాతే వచ్చింది. నివేదికకు చెవి ఇప్పించింది కూడా జనమే.

ఇక నా సంగతి. నేను బడిపంతులును. జనాభా లెక్కలకూ, ఓటర్ల జాబితాలకూ, ఇంటింటి సర్వేలకూ మమ్మల్నే పంపుతారు. ఒకసారి ఇలాంటి పని మీద ఒక గూడేనికి వెళ్ళాను. ఒక ముసలామె నులకమంచం వాల్చి కూర్చోబెట్టింది, నీళ్ళిచ్చింది. ఎంత భూమి, ఎన్ని మేకలు, ఎవరి పేరున పట్టా, అప్పుందా, కొడుకు ఎక్కడ పని చేస్తాడు – అన్నిటికీ జవాబు చెప్పింది. నేను లేవబోతుంటే, “ఇదంత రాసుకపోయి ఎవలకిస్తవు సారూ?” అని అడిగింది. ప్రభుత్వానికి అన్నాను. “మరి మాకేమన్న రాసిస్తవా?” అంది. నా దగ్గర ఆమెకివ్వడానికి కాగితం లేదు. తలుపు మీద అంటించే చీటీ ఒక్కటే ఉంది.

ఆమె అడిగిన ప్రశ్న ఏ సాహిత్యశాస్త్ర గ్రంథంలోనూ నేను చదవలేదు. ఆ గూడెం గురించి తర్వాత నేనొక కథ రాశాను. మంచం నులక, ఇప్పపూల వాసన, ఆమె చేతి పచ్చబొట్టు అన్నీ అందులోకి వచ్చాయి. చదివినవాళ్ళు వర్ణన బాగుందన్నారు. ఆ ప్రశ్న మాత్రం కథలోకి రాలేదు. కథలో ఆమెకు ధైర్యం చెప్పడానికి పట్నం నుంచి ఒక చదువుకున్న యువకుణ్ణి తెచ్చాను. లారెన్సును చదివాక గాని తెలియలేదు, నేను చేసిందీ అదేనని. ఆమె తనంతట తాను ఆలోచించగలదని నాకు తోచనేలేదు. పాలకుడి నివేదిక బయటి చేతిని కుట్రదారు అంటుంది. నేను అదే బయటి చేతిని నాయకుడన్నాను. పేరు మారింది, జనాన్ని చూసే చూపు మారలేదు.

ఈ లోపం నా ఒక్కడిదే అయితే ఇక్కడ రాయనవసరం లేదు. అడవి గురించి, తండా గురించి, గనుల గురించి మన కథలు గుట్టలుగా వస్తున్నాయి. చెట్ల పేర్లు తప్పుల్లేకుండా ఉంటున్నాయి. పండుగలు, యాస, తిండి పక్కాగా ఉంటున్నాయి. అవన్నీ అరబ్ బులెటిన్‌లోనూ ఉన్నాయి. వివరం ఉంటే వాస్తవికత వచ్చినట్టు, సానుభూతి ఉంటే పక్షం వచ్చినట్టు మనం తృప్తిపడుతున్నాం. ఆ రెండూ ఉన్న రాతలు ఎక్కడికి దారి తీశాయో ఇరాకు చెబుతోంది.

సాహిత్య విద్యార్థులకు ఒక మనవి. ఇకమీద ఇలాంటి కథ చదివేటప్పుడు వర్ణన దగ్గర ఆగిపోకండి. అందులోని మనుషులు తమ కష్టానికి కారణం తామే చెబుతున్నారా, రచయిత చెప్పి పెడుతున్నాడా చూడండి. తిరగబడేటప్పుడు ఆ ఆలోచన ఎవరికి పుట్టిందో చూడండి. ఆ కథ వాళ్ళ ముందు చదివి వినిపిస్తే ఒప్పుకుంటారా అని ప్రశ్నించుకోండి.

నా కథను నేను మళ్ళీ రాస్తున్నాను. పట్నం యువకుణ్ణి తీసేశాను. కథ పొట్టిదైంది. పూర్తయ్యాక అచ్చుకు పంపేముందు గూడేనికి తీసుకుపోయి ఆమెకు చదివి వినిపించాలి. ఏమంటుందో చూడాలి.